ఉట్టి ఎందుకు తొణకలేదు?

రిటైరైన సైన్సు సారు కనబడితే చాలు, “పొద్దెట్ల పోతుంది సారూ?” అని అడుగుతారు. పొద్దు పోకపోవడమేమిటి! మేడారం దారిలో, అడవి అంచున ఇల్లు. పెరట్లో వెదురు పొద, దొడ్డి గోడ వెంట గోగు మొక్కలు. నేను ఉట్లు అల్లుతా, చాటలకు పూత వేస్తా. మా ఇంటామె పాత చీరలతో బొంతలు కుడుతుంది, ఇంటికి సరిపడా కుంకుమ చేస్తుంది. హనుమకొండలో ఏడో తరగతి చదివే మనుమరాలు సెలవులకు వచ్చిందంటే ఆ పొద్దు కూడా చాలదు. పని నేర్చుకోవడం కంటే పని మధ్యలో “ఎందుకు తాతా?” అని ఆపడం ఆమెకు ఇష్టం. పిల్లలూ, ఇవాళ్టి కబుర్లన్నీ ఆమె అడిగినవే.

ముందుగా ఉట్టి. గోగు కట్టెలను నీళ్లలో నానబెట్టి, కుళ్లిన బెరడు నుంచి నార తీసి, కడిగి ఆరబెడతాం. తర్వాత కాస్త తడి చేసి, తొడ మీద పెట్టి అరచేత్తో పేనాలి. విడి పోగును పట్టి లాగితే పుటుక్కున తెగుతుంది. అవే పోగులను పేనితే పాలకుండను ఏళ్ల తరబడి మోస్తాయి. మధ్యలో జిగురు లేదు, ముడి లేదు. మనుమరాలి మొదటి ప్రశ్న అదే: “పోగులు జారిపోవా?”

జారనివ్వనిది పురి. మెలి తిరిగిన పోగుల కట్టను లాగామనుకోండి, బయటి పోగులు లోపలి వాటిని నొక్కుతాయి. బరువు ఎంత పెరిగితే నొక్కుడు అంత పెరుగుతుంది, దానితోపాటు ఒరిపిడీ పెరుగుతుంది. అంటే తాడును తెంపాలని చూసే బలమే తాడును బిగిస్తోంది. పురి లేని నారకట్టకు ఆ వీలు లేదు, పోగులు ఒకదాని పక్కనుంచి ఒకటి జారిపోతాయి.

ఇంకో సంగతి మీరే చేసి చూడండి. బారెడు దారం తీసుకుని ఒక కొసను కిటికీ ఊచకు కట్టండి. రెండో కొస పట్టుకుని ఒకే దిక్కుకు బాగా మెలితిప్పండి. దారం బిగుసుకున్నాక సరిగ్గా మధ్యలో పట్టుకుని మడిచి, రెండు కొసలూ ఒకచోటికి తెచ్చి, మధ్య భాగాన్ని వదిలేయండి. రెండు పేటలూ వాటంతటవే చుట్టుకుని తాడైపోతాయి, అదీ మీరు తిప్పిన దిక్కుకు ఎదురు దిక్కులో. ఒక్కో పేట తన మెలి విప్పుకోవాలని చూస్తుంది. ఆ విప్పుకునే తొందరలో పక్కదాన్ని చుట్టేస్తుంది. విప్పుకునే బలం, చుట్టుకున్న మెలి సరిసమానమైన చోట ఆగుతుంది. మన పెద్దవాళ్లు తాడు పేనేటప్పుడు పేటలను ఒక దిక్కుకూ, పేటలను కలిపే మెలిని మరో దిక్కుకూ తిప్పేది ఇందుకే. రెండూ ఒకే దిక్కైతే చేయి తీయగానే తాడు విచ్చుకుంటుంది.

ఇప్పుడు అసలు కథ. 2024 డిసెంబర్ 4, బుధవారం, ఉదయం 7 గంటల 27 నిమిషాలు. ములుగు జిల్లా కింద భూమి కదిలింది. తీవ్రత 5.3, లోతు 40 కిలోమీటర్లు అని జాతీయ భూకంప కేంద్రం చెప్పింది. హైదరాబాద్ దాకా తెలిసింది. అదే ఏడాది ఆగస్టు 31న సుడిగాలికి తాడ్వాయి, మేడారం మధ్య అడవిలో వేల చెట్లు కూలిపోయాయి. ఆ బెంగ తీరకముందే ఇది. మా వంటింట్లో అటక మీది గిన్నెలు గలగలమన్నాయి. గూట్లో అంచు దాకా నింపి పెట్టిన నీళ్ల చెంబు ఒలికింది. మా ఇంటామె “లోపలేం జేస్తున్నవయ్యా, బయటికి రా!” అని అరిచింది. వెళ్లాను. కాస్త ధైర్యం వచ్చాక లోపలికి వచ్చి చూస్తే ఉట్టిలో పాలకుండ మెల్లగా ఊగుతోంది. పాలు మాత్రం ఒక్క చుక్క కింద పడలేదు.

ఫోన్లో విన్న మనుమరాలు, “గూట్లో చెంబు కదలకుండా కూర్చుంటది, అది ఒలికింది. వేలాడే కుండ ఒలకలే. ఉల్టా కావాలె గదా తాతా?” అంది. బడిలో నేను అడగాల్సిన ప్రశ్న!

జవాబు కుండ బద్ధకంలో ఉంది. కదలని వస్తువు కదలడానికి ఒప్పుకోదు, దాన్ని జడత్వం అంటాం. గూట్లోని చెంబు గోడను అంటిపెట్టుకుని ఉంది, గోడ ఎటు దూకితే అటు దూకాలి. అంచు దాకా ఉన్న నీళ్లు వెనకబడి ఒలికాయి. ఉట్టి అట్లా కాదు. పైకప్పు దూలం పక్కకు జరిగితే తాడు పై కొస దానితో జరుగుతుంది. కింద కుండకు ఆ కబురు నెమ్మదిగా చేరుతుంది. ఎంత నెమ్మదిగా అన్నది తాడు పొడవును బట్టి ఉంటుంది.

మీటరు పొడవున్న ఉట్టి ఒకసారి ఇటు నుంచి అటు పోయి తిరిగి రావడానికి సుమారు 2 సెకన్లు తీసుకుంటుంది. పొడవును కొక్కెం నుంచి కుండ నడుమ దాకా కొలవాలి. తాడును పావు మీటరుకు కుదిస్తే 1 సెకను. పొడవు నాలుగో వంతైతే సమయం సగమవుతుంది, నాలుగో వంతు కాదు. కుండ ఖాళీగా ఉన్నా, నిండుగా ఉన్నా ఈ లెక్క దాదాపు మారదు. నమ్మకపోతే సెల్‌ఫోన్లో స్టాప్‌వాచ్ పెట్టి, పది ఊపులు లెక్కపెట్టి, పదితో భాగించండి. దగ్గరలో వచ్చిన భూకంపం నేలను సెకనుకు పలుమార్లు అటూ ఇటూ కుదుపుతుంది. 2 సెకన్ల నిదానపు కుండ ఆ కుదుపుల వెంట పోలేదు. తాడు పై కొస ఎడమకు పోయి, మళ్లీ కుడికి వచ్చేస్తుంది. ఈలోగా కుండ కదిలింది కొంచెమే. అంతా ఆగాక మిగిలిన ఊపే నేను చూసింది.

భూకంప లేఖిని పనిచేసేది కూడా ఈ సూత్రం మీదే. పెద్ద బరువును వేలాడదీసి దానికి కలం కట్టి, కింద కాగితం తిరిగే ఏర్పాటు చేశారు. నేల కదిలితే కాగితం కదులుతుంది, బరువు కదలదు, గీత పడుతుంది. ఇప్పటి పరికరాల్లో కాగితం లేదు, ఆ బరువును తీగచుట్టలతో, అయస్కాంతాలతో కాపలా కాస్తున్నారు. బరువు మాత్రం ఉంది.

మన ప్రాంతానికి భూకంపం మొదటిసారేమీ కాదు. 1969 ఏప్రిల్ 13న భద్రాచలం దగ్గర 5.7 తీవ్రతతో వచ్చింది. 5.3కూ 5.7కూ తేడా చూపులకు చిన్నదే. కానీ ఈ కొలతలో ఒక అంకె పెరిగితే విడుదలైన శక్తి సుమారు 32 రెట్లు. 0.4 పెరిగితే 4 రెట్లు. గోదావరి లోయ పొడుగునా భూమి పొరల్లో పాత పగుళ్లున్నాయి. గోదావరి పారుతున్నదే కోట్ల ఏళ్ల కిందట కుంగిన పట్టీలో. సింగరేణి బొగ్గు దొరికేది కూడా ఆ కుంగిన పట్టీలోనే.

బొంత గురించి ఎక్కువ చెప్పను, అది మా ఇంటామె శాఖ. చలికాపు బట్టది కాదు, బట్టల పొరల మధ్య చిక్కిన గాలిది. కదలని గాలి నూలు కంటే వేడిని తక్కువగా దాటనిస్తుంది. వరసగా కుట్లు వేసేది పాత చీరలు లోపల ఒక మూలకు పోగుపడకుండా, గాలి ఉన్నచోటే ఉండేలా. మాఘమాసపు మేడారం జాతర రాత్రుల్లో ఎడ్లబండ్ల కింద, గుడారాల్లో పడుకున్నవాళ్లకు అది చాలు. ఉతికి ఉతికి పలచబడ్డ మెత్తటి చీరలే దీనికి మంచివని ఆమె అంటుంది. కొత్త చీర తెచ్చి కుడితే ఏమవుతుందో పరీక్షించడానికి మా ఇంట్లో అనుమతి లేదు.

కుంకుమ సంగతి మాత్రం ఆగి చెప్పాలి. మేడారంలో కుంకుమ అంటే బొట్టుతో ఆగదు. సమ్మక్క తల్లి చిలకలగుట్ట మీద కుంకుమ భరిణెగా మారిందని ఇక్కడి నమ్మకం. రెండేళ్లకోసారి జాతరలో గురువారం సాయంత్రం కోయ పూజారులు గుట్ట మీద నుంచి ఆ భరిణెను తెస్తారు. పోలీసు అధికారి గాల్లోకి తుపాకీ కాల్చి స్వాగతం చెబుతారు. లక్షల మంది ఒక్కసారిగా కదులుతారు. 2026 జనవరి 28 నుంచి 31 దాకా జరిగిన జాతరకు మనుమరాలు వచ్చింది. గద్దెల దగ్గర బెల్లం, పసుపు, కుంకుమ రాశులు చూసి ఇంటికొచ్చాక, “పసుపులోంచే కుంకుమ వస్తదంట గదా, ఆ పసుపు ఎటు పోయింది?” అని పట్టుకుంది.

పసుపులోని రంగు పదార్థం కర్క్యుమిన్. దాన్ని ఎర్రగా మార్చే దారులు రెండు. మొదటిది సున్నం. పసుపు నీళ్లలో చిటికెడు సున్నం వేస్తే క్షణంలో ఎర్రబడుతుంది, పారాణి అట్లా చేసుకునేదే. సున్నం క్షారం. క్షారం తగిలితే కర్క్యుమిన్ అణువు నుంచి హైడ్రోజన్ ఊడిపోతుంది, అప్పుడది మింగే వెలుగు మారుతుంది, మన కంటికి ఎరుపు కనిపిస్తుంది. ఆ ఎర్రనీళ్లలో నిమ్మకాయ పిండండి, మళ్లీ పసుపు. పసుపు మరక పడిన చొక్కా మీద సబ్బు రుద్దగానే ఎర్రబడి, నీళ్లు పోసి కడిగాక తిరిగి పచ్చగా తేలేది కూడా ఇదే ఆట.

మా ఇంటామె కుంకుమలో సున్నం వేయదు. పసుపు కొమ్ములను ముక్కలు కొట్టి నిమ్మరసం, వెలిగారం, పటిక కలిపి నానబెడుతుంది. ముక్కలు రసం పీల్చుకుని లోపలి దాకా ఎర్రబడ్డాక నీడలో ఆరబెట్టి దంచుతుంది. ఇక్కడే చమత్కారం ఉంది. నిమ్మరసం ఆమ్లం, ఇప్పుడే కదా ఎరుపును పసుపు చేసింది! మరి ఇక్కడ ఎరుపు ఎట్లా నిలిచింది? కారణం వెలిగారం. అందులో బోరాన్ అనే మూలకం ఉంటుంది. ఆమ్లం సమక్షంలో బోరాన్ వెళ్లి కర్క్యుమిన్‌తో జతకడుతుంది, ఆ జంట ఎరుపు. దీనిమీద నిమ్మకాయ పిండినా ఏమీ కాదు, పుట్టిందే నిమ్మరసంలో కాబట్టి. రసాయనశాలల్లో ఒక ద్రావణంలో బోరాన్ ఉందో లేదో చూడటానికి పసుపు పూసిన కాగితాన్నే వాడతారు. మా వంటింటి భరిణెలో ఉన్నది ఆ పరీక్ష ఫలితమేనని చెబితే ఆమె, “పరీక్షలు మీకు, దంచుడు నాకు” అంది.

నీడలో ఎందుకు? ఎండ కర్క్యుమిన్‌ను విరగ్గొడుతుంది. పసుపు మరక పడిన బట్టను ఎండలో వేస్తే మరక పలచబడేది అందుకే. ఇంకో మాట, వెలిగారం తినే వస్తువు కాదు. చిన్నపిల్లలకు అందకుండా పెట్టాలి, ముట్టుకున్న చేతులు కడుక్కోవాలి.

చివరికి చాట. మేదరివాళ్లు అల్లిన చాటను కొని తేవడం వరకే మొదటి పని. తెచ్చిన చాటలో బద్దల సందులుంటాయి, పిండి కారుతుంది, సన్న నూకలు ఇరుక్కుంటాయి, వాటి కోసం పురుగు చేరుతుంది. అందుకని మా అమ్మ పాత కాగితాలు, గుప్పెడు మెంతులు నానబెట్టి రోట్లో రుబ్బి చాటకు మెత్తేది. నేనూ అదే చేస్తున్నా, రోలు బదులు మిక్సీ.

మెంతులే ఎందుకు? నానిన మెంతి గింజను వేళ్ల మధ్య నలపండి, జారే జిగురు తగులుతుంది. అది గాలక్టోమానన్ అనే పెద్ద అణువు. మానోజ్ చక్కెరలు గొలుసుగా ఉంటాయి, వాటికి కొమ్మలుగా గాలక్టోజ్ చక్కెరలు అతుక్కుని ఉంటాయి. కొమ్మలు నీళ్లను బాగా పట్టుకుంటాయి కాబట్టి ఉబ్బుతుంది. గోరుచిక్కుడు గింజల జిగురు కూడా ఈ కుటుంబమే. ఆరితే గట్టి పొర కడుతుంది. ఇక కాగితం అంటే సెల్యులోజ్ పోగుల గుజ్జు. నీళ్లు ఆవిరయ్యే కొద్దీ పోగులు దగ్గరికి జరిగి హైడ్రోజన్ బంధాలతో పట్టుకుంటాయి. మన మంగపేట మండలం కమలాపురంలో 2014 దాకా నడిచిన రేయాన్ గుజ్జు ఫ్యాక్టరీ చేసిన పని కూడా కర్రలోంచి ఈ సెల్యులోజ్‌ను విడదీయడమే. చాటలో బద్ద సెల్యులోజే, పూత సెల్యులోజే, మధ్యలో మెంతి జిగురు కూడా అదే చక్కెరల జాతి. బంధువులు కదా, అతుక్కుంటారు. తడి తగిలితే మాత్రం అదే దారిన విడిపోతాయి, అందుకే పూత వేసిన చాటను కడగకూడదు, తుడవాలి.

ఒక్క మార్పు చేశాను. వార్తాపత్రికలు వాడను. పత్రికల్లో ఆహారం పొట్లం కట్టవద్దని, సిరాలోని రసాయనాలు ఆహారంలోకి దిగుతాయని ఆహార భద్రతా సంస్థ 2016లోనే హెచ్చరించింది. బియ్యం చెరిగే చాటకు ఆ సిరా ఎందుకు? మనుమరాలి పాత నోటుబుక్కుల్లో రాయని కాగితాలు చాలానే మిగులుతాయి, అవి చాలు. ఎందుకు మిగిలాయని మాత్రం అడగను.

చాటకు మూలం వెదురు. వెదురు చెట్టు కాదు, గడ్డి. వరి, జొన్న, చెరుకు దాని చుట్టాలు. అయినా 1927 నాటి అటవీ చట్టం దాన్ని చెట్ల జాబితాలో పెట్టింది. అడవి బయట పెరిగిన వెదురును ఆ జాబితా నుంచి తీసేయడానికి 2017 దాకా పట్టింది. వృక్షశాస్త్రం పుస్తకం ఒకటి చట్టసభకు పంపి ఉంటే తొంభై ఏళ్లు ఆదా అయ్యేది! ఇక్కడి వాళ్లకు వెదురు ఎంత దగ్గరో జాతరలోనే తెలుస్తుంది. సమ్మక్క తల్లి రాకముందే అడవి నుంచి కంకవనం తెచ్చి గద్దె మీద నిలుపుతారు. కంకవనమంటే వెదురే.

గడ్డి కాబట్టే దాని పెరుగుదల వేరు. నేలలోంచి వెదురు కొమ్ము ఎంత లావుతో బయటికొస్తే జీవితాంతం అంతే లావు. వానాకాలంలో కొన్ని నెలల్లోనే పూర్తి ఎత్తుకు పోతుంది, ఆ తర్వాత రెండు మూడేళ్లు ముదరడమే. టేకు చెట్టులో ఏటా ఒక వలయం చేరుతుంది, వెదురులో వలయాలుండవు. అడ్డంగా నరికి చూస్తే పోగులన్నీ బయటి అంచు వైపు ఒత్తుగా, లోపలికి పలచగా ఉంటాయి. అందుకే మేదరి పనివాళ్లు పైపొర బద్దను బలం కావలసిన అంచులకు, లోపలి బద్దను నింపడానికి వాడతారు. బద్ద వంగనంటే తడిపి నిప్పు సెగ చూపిస్తారు. పోగులను పట్టి ఉంచే లిగ్నిన్ వేడికీ తడికీ మెత్తబడుతుంది, వంచి పట్టుకుంటే చల్లారాక ఆ వంపులోనే గట్టిపడుతుంది.

పోయిన సంవత్సరపు చాట ఒకటి బాగు చేస్తుంటే కింద సన్నటి పిండి రాలింది. పురుగు. “ఎదుగు దినాల్ల కొట్టిన వెదురు సారూ ఇది. అమాసకు కొడితే పురుగు పట్టదు” అని దాన్ని అల్లిన పెద్దమనిషి చెప్పాడు. మనుమరాలు పక్కనే ఉంది. ఇంకేముంది, చంద్రుడికీ పురుగుకూ సంబంధమేమిటని పట్టుకుంది.

వెదురు పురుగుకు కావలసింది కర్ర కాదు, కర్రలో దాచిన పిండిపదార్థం. కొత్త కొమ్ములను లేపడానికి వెదురు పొద తన నిల్వను ఖర్చు పెడుతుంది. కాబట్టి వానలు వెనకబట్టాక, చలికాలంలో కొట్టిన ముదురు వెదురులో పిండి తక్కువ. కొమ్ములు లేవడానికి ముందు, ఎండాకాలంలో కొడితే నిల్వ నిండుగా ఉంటుంది, పురుగుకు పండగ. కొట్టిన వెదురును వాగులో నానబెట్టే అలవాటు కూడా ఇందుకే, పిండీ చక్కెరలూ నీళ్లలోకి దిగిపోతాయి. కొట్టే సమయం చూసుకోవాలన్న పెద్దమనిషి మాట గట్టిదే. అమావాస్య గురించి మాత్రం నాకు అంత నమ్మకం లేదు. వాదన అక్కర్లేదు, చూడటానికి తేలిక దారి ఉంది. మందుల దుకాణంలో దొరికే టింక్చర్ అయోడిన్ చుక్క వేయండి. అన్నం మెతుకు మీద వేస్తే నీలం నలుపు కలిసిన రంగు వస్తుంది. వెదురు కోసిన ముఖం మీద కూడా పిండి ఉన్నచోట అదే రంగు, లేనిచోట గోధుమ రంగు.

పెరట్లో పొద ఉంది కదా, పున్నమికి ఒకటి, అమావాస్యకు ఒకటి కొట్టి చుక్క వేద్దామన్నాను. మనుమరాలు ఒప్పుకోలేదు. “ఒక్కొక్కటి కొడితే ఏం తెలుస్తది తాతా? అది ముసలిదో ఇది లేతదో ఎట్ల తెలుస్తది?” అంది. నోటుబుక్కు తెచ్చి షరతులు రాసింది. అన్నీ ఒకే పొదలోవి కావాలి. అన్నీ ఒకే వయసువి కావాలి, అందుకు ఈ వానాకాలంలో లేచే కొమ్ములకు లేవగానే రంగు దారాలు కట్టాలి. కోత నేల నుంచి ఒకే ఎత్తులో పడాలి. పున్నమికి ఐదు, అమావాస్యకు ఐదు, ఒకే నెలలో. ఏ ముక్క ఎప్పటిదో చుక్క వేసేవాళ్లకు చెప్పకూడదు, కాబట్టి కొట్టేది తాత, చుక్క వేసేది అవ్వ. సగం ముక్కలను అటక మీద పెట్టి పురుగు కోసం ఏడాది ఆగాలి. కొమ్ములు ముదరడానికి మూడేళ్లు, అటక మీద ఒక ఏడాది అని కింద లెక్క వేసింది. అప్పటికి ఆమె పదకొండో తరగతిలో ఉంటుంది. నాకు ఇచ్చిన పని మాత్రం తొలకరికే మొదలవుతుంది: ఎర్రదారం పున్నమికి, నల్లదారం అమావాస్యకు. నార దారం అయితే వానకు కుళ్లుతుందట, నైలాన్‌ది కొనమని చెప్పి వెళ్లింది.